పంపు మీద చెయ్యి వేసే ముందు: పాత మెర్సిడెస్ 280 ఎస్ఎల్ మెకానికల్ ఇంజెక్షన్ సర్దుకునే వరుస

మా బాబాయి దగ్గర 1969 నాటి మెర్సిడెస్ 280 ఎస్ఎల్ ఉంది. లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న షెడ్డులో ఉంటుంది. కొన్నేళ్ల కిందట దానికి ఒక జబ్బు పట్టుకుంది. పొద్దున్న చక్కగా స్టార్ట్ అయ్యేది, ఇంజిన్ వేడెక్కాక మాత్రం సిగ్నల్ దగ్గర గునిసి ఆగిపోయేది. వెనక నల్ల పొగ. ఒక వర్క్‌షాపుకు ఇచ్చాం. వాళ్లు ఇంజెక్షన్ పంపు (సిలిండర్లకు పెట్రోలు కొలిచి పోసే పంపు) వెనక మూత తీసి, లోపలి స్క్రూలు తిప్పి, మూడు రోజుల్లో పొగ తగ్గించి ఇచ్చారు. పొగతోపాటు బండి బలం కూడా తగ్గింది. సింహాచలం ఘాట్ రోడ్డు సెకండ్ గేరులో కూడా ఈడ్చుకుంటూ ఎక్కింది.

చివరికి తేలింది ఏమిటంటే, పంపుకు ఏ జబ్బూ లేదు. దాని మీదే ఉండే వార్మ్ రన్నింగ్ డివైస్, అంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు పెంచే భాగం, తుప్పు పట్టి బిగుసుకుపోయింది, అంతే. కానీ ఈలోగా పంపు సెట్టింగు చెడిపోయింది కాబట్టి దాన్ని విప్పి, ఈ రకం పెట్రోలు పంపులు తెలిసిన చోటికి పంపి, పరీక్ష బెంచి మీద కొలతలు మళ్లీ సరిచేయించాల్సి (కాలిబ్రేట్) వచ్చింది. నెలల తరబడి బండి కదల్లేదు. గాజువాక ఆటోనగర్‌లో లారీల డీజిల్ పంపులు చేసే ఒక పెద్ద మేస్త్రి గారికి ఈ కథ చెప్తే, "ఏటి బాబూ, గాలి సంగతి సూడకుండా పంపు ఇప్పేత్తారా?" అన్నారు. ఆ మాటలోనే ఈ పని మొత్తం ఉంది. ఏది ముందు చూడాలి, ఏది చివర ముట్టుకోవాలి అన్న వరుస తప్పకపోతే సర్దుబాటులో చాలా భాగం ఇంటి దగ్గరే చేసుకోవచ్చు.

పంపుకు తెలిసినవి, తెలియనివి

ఎస్ఎల్‌లలో ఈ తరాన్ని పగోడా అంటారు. గట్టి టాప్ మధ్యలో లోపలికి వంగి గుడి కప్పులా ఉంటుంది కాబట్టి ఆ పేరు. 1963 జెనీవా షోలో 230 ఎస్ఎల్‌గా మొదలై, మధ్యలో 250 ఎస్ఎల్ అయి, 1968 నుంచి 1971 దాకా 280 ఎస్ఎల్‌గా తయారైంది. 280లో ఉన్నది 2778 సీసీ, ఆరు సిలిండర్లు, 170 హార్స్‌పవర్. మూడింటికీ బాష్ కంపెనీ ఆరు ప్లంజర్ల (పెట్రోలును తోసే సన్నటి పిస్టన్లు) పంపే.

డీజిల్ లారీ పంపు విప్పి చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. సిలిండరుకు ఒక ప్లంజర్. ఒక్కో ప్లంజర్ ఒంటి మీద ఏటవాలుగా గాడి ఉంటుంది. పళ్లున్న రాక్ అటూ ఇటూ జరిగితే ప్లంజర్లన్నీ కొంచెం తిరుగుతాయి. ఎంత తిరిగితే అంత మేరకు పెట్రోలు ఎక్కువో తక్కువో వెళ్తుంది. తేడా ఒక్కటే. డీజిల్ ఇంజిన్‌లో గాలికి అడ్డు ఉండదు, ఇక్కడ థ్రోటిల్ రేకు ఉంటుంది. అందుకే మీరు ఆక్సిలరేటర్ తొక్కితే రెండు పనులు ఒకేసారి జరగాలి: ఒక రాడ్డు థ్రోటిల్ తెరవాలి, ఇంకో రాడ్డు పంపు లీవర్ తిప్పాలి.

రాక్ ఎక్కడ ఉండాలో నాలుగు విషయాలు నిర్ణయిస్తాయి. లీవర్ ఎంత తిరిగింది, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది, కూలెంట్ ఎంత వేడిగా ఉంది, బయట గాలి ఒత్తిడి ఎంత. వీటిలో నిజంగా ఇంజిన్‌లోకి వెళ్లిన గాలి ఎంతో కొలిచేది ఒక్కటీ లేదు. సైలెన్సర్‌లో ఆక్సిజన్ సెన్సర్ లేదు, తప్పు దిద్దే కంప్యూటర్ లేదు. లీవర్ ఇంత తిరిగిందంటే థ్రోటిల్ కూడా అంతే తెరుచుకుని ఉంటుందని పంపు నమ్ముతుంది. ఎక్కడో ప్యాకింగ్ లీకై దొంగ గాలి వస్తున్నా, రాడ్డు పొడవు మారి థ్రోటిల్ వెనకబడినా, పంపుకు తెలిసే దారే లేదు. కాబట్టి మన పని దాని నమ్మకాన్ని నిజం చేయడం.

పనికి కూర్చునే ముందు

ఫీలర్ గేజ్, టైమింగ్ లైట్, కంప్రెషన్ గేజ్, టాకోమీటర్, మామూలు పానాల సెట్టు, పొడవాటి స్క్రూడ్రైవర్, నీళ్ల స్ప్రే బాటిల్, లీటరు కొలత సీసా ఉంటే చాలు. వీటన్నిటికంటే ముఖ్యమైనవి ఒక నోటు పుస్తకం, పెన్సిల్. తిప్పిన ప్రతి స్క్రూ, ఎటు, ఎంత, ఏ తేదీన తిప్పారో రాయండి. మా బాబాయి బండికి ఆ పుస్తకం ముందే ఉండి ఉంటే, ఆ వర్క్‌షాపులో ఎంత తిప్పారో కనీసం అడగడానికైనా ఆధారం ఉండేది.

షెడ్డు తలుపులు తెరిచే ఉంచండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పెట్రోలు లైను విప్పే ముందు బ్యాటరీ టెర్మినల్ తీసేయండి, ఇంజిన్ చల్లారనివ్వండి, పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకోండి. ఇందులో ఏదీ మినహాయించవద్దు.

ఇగ్నిషన్, వాల్వులు: పంపు మీదకు నింద రాకముందు

ఐడిలింగ్ (ఆక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరగడం) కుదరడం లేదంటే అందరి చూపూ పంపు మీదే పడుతుంది. నా అనుభవంలో సగం సార్లు తప్పు ప్లగ్గుల్లోనో, పాయింట్లలోనో (ప్లగ్గులకు స్పార్క్ వచ్చేలా తెరుచుకుని మూసుకునే స్విచ్చి) ఉంటుంది. ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర వదిలే సన్నటి సందు) ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కారు పుస్తకంలో ఇచ్చిన కొలతకు పెట్టండి. పాయింట్లు మార్చి, గ్యాప్ పెట్టి, ఆ తర్వాతే టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) చూడండి. పాయింట్ల గ్యాప్ మారితే టైమింగ్ మారుతుంది కాబట్టి ఈ రెండింటి వరుస తిప్పకూడదు. ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. ప్లగ్ వైర్లు ఒకసారి వేలితో లెక్కపెట్టుకుని చూడండి.

ఆరు సిలిండర్ల కంప్రెషన్ కొలిచి రాసుకోండి. ఒకటి మిగతావాటికంటే బాగా తక్కువుంటే ఇంజెక్షన్ సర్ది లాభం లేదు, ముందు ఇంజిన్ పని చేయించాలి.

పెట్రోలు: ట్యాంకు నుంచి మొదలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. బండి రెండు రోజులు వానలో తడిసింది. ట్యాంకులోకి నీళ్లు దిగాయన్న సంగతి చాలాకాలం తర్వాత, ట్యాంకు అడుగున ఉండే జల్లెడ విప్పితే తెలిసింది. ఇటుక రంగు బురద, వేలితో తీస్తే ముద్దగా వచ్చింది. విశాఖలో సముద్రం పక్కన ఆగిపోయిన ఏ పాత బండికైనా ట్యాంకు కడగడం మొదటి పని అనుకోండి. సగం ఖాళీగా ఉంచిన ట్యాంకులో పైభాగం ఉప్పు తేమకు లోపల్నుంచే తుప్పు పడుతుంది.

ట్యాంకు, జల్లెడ, ఫిల్టరు శుభ్రమయ్యాక పెట్రోలు ఎంత వేగంగా వస్తోందో కొలవండి. ట్యాంకు దగ్గరుండే ఎలక్ట్రిక్ పంపు పెట్రోలును ఇంజెక్షన్ పంపు దాకా తోస్తుంది. వాడగా మిగిలింది రిటర్న్ పైపు ద్వారా వెనక్కి వస్తుంది. ఆ రిటర్న్ పైపు విప్పి కొలత సీసాలో పెట్టండి. ఇప్పుడు బ్యాటరీ మళ్లీ కలిపి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయండి. 15 సెకన్లలో లీటరు రావాలి. రాకపోతే ఎక్కడో అడ్డుంది లేదా ఎలక్ట్రిక్ పంపు అలిసిపోయింది. ఎండాకాలం ఈ ప్రవాహం మరీ ముఖ్యం. నిరంతరం పారే పెట్రోలే ఇంజెక్షన్ పంపును చల్లబరుస్తుంది. పారుదల తగ్గితే లోపల ఆవిరి బుడగలు పుట్టి, వేడి ఇంజిన్ ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోదు.

ఇక ఈ20 సంగతి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. 1969లో ఈ పంపును సెట్ చేసినవాళ్లు మామూలు పెట్రోలు కోసం సెట్ చేశారు. ఒక కిలో మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఈ20కి సుమారు 13.5 కిలోలు చాలు. అంటే పంపు పాత లెక్క ప్రకారమే కొలిచి పోస్తే మిశ్రమం సుమారు 7 శాతం లీన్ (గాలికి తగ్గ పెట్రోలు చాలని స్థితి) అవుతుంది. కొత్త కార్లలో కంప్యూటర్ దీన్ని సరిచేస్తుంది, ఇక్కడ మీరే సరిచేయాలి. దానికితోడు పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కు ఉబ్బి, పగిలి, లోపల పొరలు ఊడతాయి. ఆ ముక్కలు నేరుగా ప్లంజర్ల దాకా వెళ్తాయి. ఏ సర్దుబాటూ మొదలుపెట్టకముందే పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే వైటాన్ రబ్బరు రకం వేయించండి. ఇథనాల్ తేమను కూడా పీలుస్తుంది కాబట్టి ఈ ఊళ్లో నెలల తరబడి అదే పెట్రోలు నిలవ ఉంచవద్దు.

దొంగ గాలి

ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ ప్యాకింగుల మీద, రబ్బరు గొట్టాల చివర్ల మీద నీళ్లు సన్నగా చల్లండి. ఎక్కడ చల్లినప్పుడు ఇంజిన్ శబ్దం మారితే అక్కడ లీకు ఉంది. కార్బ్యురేటర్ క్లీనర్ చల్లేవాళ్లు ఉన్నారు. వేడి ఎగ్జాస్ట్ పక్కన మండే ద్రవం చల్లడం నాకు ఇష్టం లేదు, నీళ్లు చాలు. బ్రేక్ బూస్టర్ గొట్టం మర్చిపోవద్దు. బ్రేకు తొక్కి పట్టుకుంటే ఐడిల్ మారుతోందంటే ముందు అక్కడ చూడండి.

లింకేజీ: ఈ పనిలో అసలు హృదయం

ఇక్కడ తొందరపడకండి. ఒక పూట అంతా దీనికే కేటాయించండి.

ముందు రాడ్డులన్నీ వాటి గుండ్ల నుంచి ఊడదీయండి. ప్రతి రాడ్డు చివర చిన్న గిన్నెలాంటి సాకెట్, అది ఒక ఉక్కు గుండు మీద టప్పున కూర్చుంటుంది. గుండును వేళ్ల మధ్య పట్టుకుని తిప్పి చూడండి. మా బండిలో గుండ్లు ఒక పక్క అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చాయి, మీద ఉప్పు తుప్పు గరుకు. అలాంటి గుండు మీద రాడ్డు పొడవు ఎంత కచ్చితంగా పెట్టినా, ఇవాళ ఉన్న చోట రేపు ఉండదు. అరిగినవి మార్చండి, మిగతావి కిరోసిన్‌తో కడిగి కొంచెం గ్రీజు రాయండి. రిటర్న్ స్ప్రింగులు సాగిపోయి ఉంటే అవి కూడా మార్చాలి.

ఇప్పుడు ఏ రాడ్డూ తగిలించకుండా థ్రోటిల్‌ను చేత్తో తెరిచి వదలండి. అది తనంతట తాను పూర్తిగా మూసుకోవాలి. మూసుకున్నప్పుడు రేకు గొట్టం గోడకు ఇరుక్కోకూడదు, అలాగని సందూ ఉండకూడదు. పక్కనున్న స్టాప్ స్క్రూ పని ఈ ఇరుకును ఆపడం మాత్రమే. చాలామంది ఐడిల్ వేగం పెంచడానికి ఈ స్క్రూ తిప్పుతారు. అది తప్పు. అలా తిప్పితే రేకు ఎప్పుడూ కొంచెం తెరుచుకునే ఉంటుంది, పంపు లీవర్ మాత్రం సున్నా దగ్గరే ఉంటుంది, రెండింటి జత అక్కడే చెడుతుంది. ఐడిల్ వేగానికి మ్యానిఫోల్డ్ మీద వేరే గాలి స్క్రూ ఉంది, దాని వంతు తర్వాత వస్తుంది.

పంపు లీవర్‌ను కూడా చేత్తో పూర్తిగా తిప్పి వదలండి. స్ప్రింగు లాగినట్టు వెనక్కి వచ్చి తన స్టాప్‌ను 'టక్'మని తాకాలి. మధ్యలో నిదానించినా, చివరి రెండు మిల్లీమీటర్లు మొరాయించినా పంపులో గమ్ము పట్టి ఉండవచ్చు.

రెండూ మూసి ఉన్న స్థితిలో, థ్రోటిల్ రాడ్డు ఒక చివర తగిలించండి. రెండో చివరను గుండుకు ఎదురుగా పట్టుకుని చూడండి, నొక్కవద్దు. సాకెట్ సరిగ్గా గుండు మీద వచ్చి నిలవాలి. సాకెట్ గుండు కంటే వెంట్రుకవాసి ముందుంటే రాడ్డు పొడవు, వెనకుంటే పొట్టి. లాక్ నట్టు వదులు చేసి రాడ్డును అరచుట్టు తిప్పండి, మళ్లీ చూడండి. రాడ్డు తగిలించాక లీవర్ స్టాప్ మీద నుంచి లేవకూడదు, రేకు తెరుచుకోకూడదు. పంపు రాడ్డుకు కూడా ఇదే పద్ధతి. కొత్త కారుకు కంపెనీ ఇచ్చిన రాడ్డు పొడవులు మాన్యువల్‌లో ఉంటాయి. అక్కడినుంచి మొదలుపెట్టండి కానీ, యాభై ఏళ్లు అరిగిన బండికి చివరి మాట మీ వేలికి తెలిసేదే.

తర్వాత లాగే పరీక్ష. ఇంజిన్ ఆపే ఉంచి, ఆక్సిలరేటర్ కదలికను రెండు రాడ్డులకూ అందించే మధ్య షాఫ్టును చాలా నెమ్మదిగా తిప్పండి. ఒక చేతి బొటనవేలు థ్రోటిల్ లీవర్ మీద, ఇంకో వేలు పంపు లీవర్ మీద పెట్టుకోండి. రెండూ ఒకే క్షణాన కదలడం మొదలుపెట్టాలి. పంపు లీవర్ ముందు కదిలితే, ఐడిల్ నుంచి ఎత్తేటప్పుడు పెట్రోలు గాలికంటే ముందు వచ్చి నల్ల పొగ. థ్రోటిల్ ముందు కదిలితే లీన్ అయి గుటుక్కుమని దగ్గుతుంది. చిన్న వేగంలో పికప్ సరిగా లేదని పంపులు విప్పించిన బండ్ల అసలు జబ్బు తరచుగా ఈ అరచుట్టు దగ్గరే ఉంటుంది.

చివరగా ఒకరిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి ఆక్సిలరేటర్ నేల దాకా తొక్కించండి. చేత్తో లాగి చూడటం సరిపోదు, పెడల్‌తోనే చూడాలి. పూర్తిగా తొక్కినప్పుడు థ్రోటిల్ పూర్తిగా తెరుచుకోవాలి, పంపు లీవర్ కూడా దాని చివరి స్టాప్‌కు చేరాలి. మా బండిలో కింది కార్పెట్టు మందం వల్ల చివరి కాస్త ఎప్పుడూ తెరుచుకునేది కాదు. కార్పెట్టు తీశాక, బాబాయి స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి "ఒరే, ఇదిరా నా బండి" అన్నారు.

వార్మ్ రన్నింగ్ డివైస్: మా బండిని ఏడిపించింది ఇదే

పంపు మీద నిలువుగా ఉండే చిన్న స్తంభం లాంటి భాగం ఇది. లోపల థర్మోస్టాట్, దాని చుట్టూ ఇంజిన్ కూలెంట్ తిరుగుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇది రాక్‌ను పెట్రోలు పెరిగే వైపు తోస్తుంది, పైన ఉన్న చిన్న ఫిల్టరు ద్వారా అదనపు గాలిని కూడా లోపలికి వదులుతుంది. కూలెంట్ వేడెక్కే కొద్దీ రెండూ తగ్గి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కేసరికి ఆగిపోవాలి.

పరీక్ష సులువు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఆ చిన్న ఫిల్టరు ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకోండి. లోపలికి గుంజుకుని అతుక్కుంటుంది. ఇంజిన్ వేడెక్కే కొద్దీ ఆ పట్టు సడలి, మీటరు ముల్లు మామూలు స్థానానికి వచ్చేసరికి కాగితం జారి కింద పడాలి. మా బండిలో అరగంట నడిచాక కూడా కాగితం అతుక్కునే ఉంది. అంటే ఇంజిన్ వేడెక్కినా పంపు మాత్రం ఇంకా చల్లటి ఇంజిన్‌కు పోసినట్టే పెట్రోలు పోస్తోంది. ఆ నల్ల పొగకు కారణం అదే.

ఎందుకు బిగుసుకుంటుంది? రేడియేటర్‌లో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయడం వల్ల. మన ఊరి బోరు నీళ్లలోని సున్నం ఆ సన్నటి దారుల్లో పేరుకుంటుంది, లోపలి కడ్డీ తుప్పు పడుతుంది. కూలెంట్ దింపి, ఆ భాగాన్ని జాగ్రత్తగా విప్పి, సున్నం గీకి, కడ్డీని సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, అది తన బరువుకే జారేలా చేయండి. విప్పేటప్పుడు థర్మోస్టాట్ కింద షిమ్ములు, అంటే పలచటి లోహపు రింగులు, వస్తాయి. అవే దాని సర్దుబాటు. ఎన్ని ఉన్నాయో, ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీసి, అలాగే తిరిగి పెట్టండి. పైన గాలి ఫిల్టరు కూడా కడగండి, అది మూసుకుపోయినా మిశ్రమం రిచ్ (పెట్రోలు ఎక్కువైన స్థితి) అవుతుంది. తిరిగి బిగించాక మంచి కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయండి.

ఇక్కడే కోల్డ్ స్టార్ట్ వాల్వ్ మాట కూడా. విశాఖ వాతావరణంలో దానికి పెద్దగా పని ఉండదు, కానీ లీకైతే మాత్రం పెట్రోలు నేరుగా మ్యానిఫోల్డ్‌లోకి కారుతూ ఉంటుంది. దాని పెట్రోలు లైను తాత్కాలికంగా మూసి నడపండి. ఐడిల్ బాగుపడితే దొంగ దొరికినట్టే. పంపు వెనకుండే స్టార్టింగ్ సోలినాయిడ్ సెల్ఫ్ కొట్టినంతసేపే పనిచేసి వదిలేయాలి, ఇరుక్కుని ఉందేమో చూడండి. 230 ఎస్ఎల్ తొలి పంపుల్లో కొన్నిటికి ఇంజిన్‌తో సంబంధం లేకుండా సొంత ఆయిల్ ఉంటుంది. మీది అలాంటిదైతే ఆ ఆయిల్ మట్టం కూడా చూసుకోండి.

ఇప్పుడు, ఇప్పుడు మాత్రమే, పంపు స్క్రూ

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి. షెడ్డులో నిలబెట్టి వేడి చేయడం కాదు, బీచ్ రోడ్డు మీద రుషికొండ దాకా వెళ్లి రండి. తర్వాత ఐడిల్‌లో ఉంచి, ముందు మిశ్రమం ఎటు ఉందో తెలుసుకోవాలి. దానికి గేజ్ అక్కర్లేదు.

పంపు రాడ్డును గుండు నుంచి ఊడదీయండి. ఇప్పుడు గాలిని, పెట్రోలును విడివిడిగా మార్చగలరు. పంపు లీవర్‌ను ఒక్క వెంట్రుకవాసి తెరిచే వైపు నొక్కండి. గాలి అలాగే ఉంది, పెట్రోలు మాత్రం కాస్త పెరిగింది. ఇంజిన్ వేగం పెరిగితే, ఇంతవరకూ దానికి పెట్రోలు చాలడం లేదన్నమాట, అంటే లీన్. వెంటనే బరువెక్కి తగ్గితే లీన్ కాదు. లీవర్ వదిలేసి, ఇప్పుడు థ్రోటిల్‌ను అంతే కొంచెం తెరవండి. పెట్రోలు అలాగే ఉంది, గాలి పెరిగింది. వేగం పెరిగితే రిచ్‌గా నడుస్తోంది. తడబడి తగ్గితే రిచ్ కాదు. రెండు వైపులా కొంచెం కదిపినా ఇంజిన్ తగ్గిందంటే మిశ్రమం సరైన చోటే ఉంది, ఇక దేన్నీ ముట్టుకోవద్దు.

సర్దాల్సి వస్తే, ముందు ఇంజిన్ ఆపండి. పంపు వెనక ఉండే ఐడిల్ స్క్రూ లోపల తిరిగే గవర్నర్‌తో (ఇంజిన్ వేగాన్ని బట్టి రాక్‌ను జరిపే భాగం) కలుస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా దాన్ని నొక్కితే లోపల విరుగుతుంది. ఆపాక, స్క్రూను లోపలికి నొక్కి నెమ్మదిగా తిప్పితే ఒకచోట గాడిలో పడ్డట్టు తగులుతుంది. అక్కడినుంచి తిప్పితే వేలికి ఒక్కో మెట్టు టిక్కుటిక్కుమని తెలుస్తుంది. కుడికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది, ఎడమకు తిప్పితే తగ్గుతుంది. ఒక్కసారికి ఒక్క మెట్టే. వదిలేయండి, స్ప్రింగు దాన్ని బయటికి తెస్తుంది. స్టార్ట్ చేసి, ఒక్కసారి రేస్ చేసి, మళ్లీ ఆ విడదీసే పరీక్ష. పుస్తకంలో '+1' అని రాయండి. మా బండికి ఈ20 వచ్చాక ఇలా రెండు మెట్లు పెట్రోలు పెంచాల్సి వచ్చింది.

మిశ్రమం కుదిరాక మ్యానిఫోల్డ్ మీది గాలి స్క్రూతో ఐడిల్ వేగం సుమారు 800కి తెచ్చుకోండి. వేగం మారితే మిశ్రమం కొంచెం మారుతుంది, కాబట్టి పరీక్ష ఇంకోసారి. ఇలా రెండు మూడు విడతల్లో రెండూ ఒకచోటికి వస్తాయి.

తర్వాత అదే పరీక్షను 1500, 2000 వేగాల్లో, ఇంకొకరి సాయంతో చేయండి. ఐడిల్‌లో సరిగ్గా ఉండి పైవేగాల్లో తేడా ఉంటే, మళ్లీ లింకేజీ దగ్గరికి వెళ్లండి. రాడ్డుల పొడవు నూటికి నూరుపాళ్లు సరిగా ఉన్నాకే పంపు లోపలి పార్ట్ లోడ్ (సగం తొక్కినప్పటి), ఫుల్ లోడ్ (పూర్తిగా తొక్కినప్పటి) స్క్రూల గురించి ఆలోచించాలి. అవి మూత వెనక గవర్నర్ మీద ఉంటాయి. బెంచి లేకుండా వాటిని తిప్పవద్దు. మా బండికి జరిగింది అదే.

పరీక్ష కేంద్రం, తర్వాత ఘాట్ రోడ్డు

పొల్యూషన్ పరీక్ష కేంద్రంలో ఉండే గ్యాస్ అనలైజర్ ఈ పనికి మంచి సాయం. సర్టిఫికెట్ ఇచ్చే ముందు కొంచెంసేపు ఐడిల్‌లో రీడింగ్ చూపించమని అడగండి. రద్దీ లేని వేళ వెళ్తే కాదనరు. భారత్ స్టేజ్ (బీఎస్) కాలుష్య ప్రమాణాలకు ముందు తయారైన పెట్రోలు కారుకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు. ఈ బండి మరీ లీన్‌గా ఉంటే సంతోషంగా నడవదు, కాబట్టి 3కి కొంచెం లోపల నిలబెట్టుకోవడం నా పద్ధతి.

ఆ తర్వాత అసలు పరీక్ష అరకు దారి. విశాఖలో ఉండటం ఈ ఇంజిన్‌కు ఒక వరం. సముద్ర మట్టం దగ్గర బయల్దేరి, అనంతగిరి ఘాట్ మీదుగా ఒకే పూటలో 900 మీటర్ల ఎత్తుకు చేరవచ్చు. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పలచబడుతుంది, పంపు మీదున్న బారోమెట్రిక్ డబ్బా (గాలి ఒత్తిడికి స్పందించే భాగం) దానికి తగ్గట్టు పెట్రోలు తగ్గించాలి. ఊళ్లో చక్కగా ఉన్న బండి ఘాట్ పైన మాత్రమే పొగ చిమ్మితే, ఐడిల్ బరువెక్కితే, ఆ డబ్బా లీకై పనిచేయడం లేదని అర్థం. దాన్ని సరిచేయడానికి ఐడిల్ స్క్రూ తిప్పవద్దు, తిరిగి కిందికి దిగాక లీన్ అయిపోతుంది.

ఘాట్ ఎక్కుతూ మూడో గేరులో లోడ్ మీద లాగిస్తూ, ఒక చోట రోడ్డు పక్కకు తీసి, న్యూట్రల్ చేసి వెంటనే ఇంజిన్ ఆపండి. ఐడిల్‌లో ఉంచి ఆపితే ప్లగ్గులు ఐడిల్ కథ చెప్తాయి, లాగుడు కథ చెప్పవు. చల్లారాక ఆరు ప్లగ్గులూ విప్పి, తీసిన వరుసలోనే బానెట్ మీద పరచండి. పాలు తక్కువేసిన టీ రంగులో ఉంటే బాగున్నట్టు. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే లీన్, మసి పట్టి నల్లగా ఉంటే రిచ్. ఆరూ ఒకేలా తెల్లగానో నల్లగానో ఉంటే సెట్టింగు తేడా. ఒక్కటే వేరుగా ఉంటే ఆ సిలిండర్ నాజిల్ (పెట్రోలు చిమ్మే మూతి), దాని ప్లంజర్, లేదా ఆ ఒక్క పోర్టు దగ్గర గాలి లీకు. ముందు గాలి లీకు, తర్వాత నాజిల్, చివరికి ప్లంజర్. నాజిల్‌ను డీజిల్ నాజిళ్లు పరీక్షించే చోట చూపించవచ్చు, స్ప్రే ఆకారం, కారడం వాళ్లకు కళ్లతోనే తెలుస్తాయి. అయితే దీని ఒత్తిడి డీజిల్ నాజిల్‌తో పోలిస్తే చాలా తక్కువ. ఆ మాట ముందే చెప్పి, మాన్యువల్‌లోని అంకె కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇవన్నీ అయ్యాక కూడా తేడా ఉంటే అప్పుడు పంపును విప్పి పంపించాల్సిందే. విప్పే ముందు ఇంజిన్‌ను టైమింగ్ గుర్తు దగ్గర నిలిపి, పంపు ఒంటి మీద, బిగించిన చోట సన్నటి గీత గీసి ఫోటో తీయండి. పైపులు తీసిన ప్రతి రంధ్రానికీ శుభ్రమైన ప్లాస్టిక్ మూత పెట్టండి. లోపలి పెట్రోలు ఒంపేసి, పల్చటి ఆయిల్ కొద్దిగా వేసి, లీవర్‌ను నాలుగుసార్లు తిప్పండి, లేకపోతే ఈ ఊరి తేమకు దారిలోనే ప్లంజర్లు తుప్పు పడతాయి. పంపుతోపాటు మీ నోటు పుస్తకంలోని పేజీల నకలు కూడా పెట్టెలో పెట్టండి. బెంచి మీద కూర్చునే మనిషి ముందు చదివేది దాన్నే.